ఒక్క మోత

అది పంతొమ్మిది వందల అరవై ఆరు, చైత్రమాసం. మగవాళ్ళంతా కొండెక్కి వేటాడే ఇటుకల పండుగ ఇంకా మూడు రోజులుందనగా, లక్కు తన వేట గురువు గాసన్న ఇంటికి ఒక ప్రశ్న పట్టుకుని వెళ్ళాడు. భుజాన రెండు గొట్టాల తూటా తుపాకి ఉంది.

వాళ్ళ ఊరు గొందిగుడలో అప్పటికి నాటు తుపాకులు ఏడే మిగిలాయి. లక్కు తండ్రి కాలంలో ఇరవై ఉండేవి. మూతిలోంచి మందు పోసి, పీచు కూరి, సీసపు గుళ్ళు వేసి, ఇనుప కడ్డీతో దట్టించాలి. ఒకసారి పేలిస్తే మళ్ళీ సిద్ధమయ్యేసరికి సగం చుట్ట కాలిపోతుంది. వయసులో ఉన్నవాళ్ళకు అంత ఓపిక లేదు. పండుగ వేటకు రమ్మంటే రోడ్డు పని ఉందంటున్నారు.

లక్కుకు ఓపిక ఉంది. కాని కిందటేడు అకాలపు జల్లుకు అతని మందు చెమ్మగిల్లింది. ఎదురుగా పంది నిలబడి ఉండగా తుపాకి తుస్సుమంది. పండుగ వేట నుంచి ఉత్త చేతులతో దిగినవాణ్ణి ఆడవాళ్ళు పేడనీళ్ళతో ఎదుర్కోవడం ఆ కొండల ఆచారం. మరదలు చిలకమ్మ కుండెడు నీళ్ళూ అతని నెత్తిన కుమ్మరించి, "బావా, పంది నిన్ను సూసి పారిపోయిందా, జాలిపడి నిలబడిందా?" అని అడిగింది. ఊరంతా నవ్వింది. లక్కు కూడా నవ్వాడు. ఆ నవ్వు ఏడాదంతా గొంతులో ముల్లులా ఉండిపోయింది.

"మావా, ఇందులో తప్పేటున్నాదో సెప్పు. సెప్పలేకపోతే పండక్కి ఇదే తెస్తాను," అన్నాడు.

కింద ఊళ్ళో ఒక మోతుబరి అమ్మజూపిన తుపాకి అది. నచ్చితే కొనుక్కోమని పండుగకు ఇచ్చాడు. గాసన్న తుపాకి అందుకుని దాని చెక్క మడమ నిమిరాడు. రెండు గొట్టాల్లోనూ చిటికెనవేలు పెట్టి చూశాడు.

"కడ్డీ ఏదిరా?"

"అక్కర్లేదు మావా. తూటాలు ఎనకనుంచి పెట్టడవే."

"మరి పేల్చేక సేతులు ఏటి సేస్తాయి?"

లక్కు నవ్వాడు. గాసన్న నవ్వలేదు. తుపాకి తిరిగి ఇచ్చేసి, "తీసుకురా. నీ కాపుకి ఎదురు నానే తోల్తాను," అన్నాడు. ఆయనకు అరవై ఎనిమిదేళ్ళు. తోలడానికి దిగడం మానేసి పదేళ్ళయింది.

ఆ ఊరి వేట తీరు ఇది. తుపాకులున్నవాళ్ళు గట్టు మీద కాపులు కాస్తారు. తోలేవాళ్ళు డప్పులతో లోయలోంచి పైకి వచ్చి, కాపులకు కొంచెం దూరంలో బండల వరస వెనక కూర్చుండిపోతారు. జంతువు కాపుల ముందుకు బయటపడుతుంది. తుపాకి మోగేదాకా ఎవరూ తల ఎత్తరు. మోగగానే మాత్రం ఆ కాపుకు ఎదురున్నవాడు లేచి, కూతపెట్టి, ముందుకు నడుస్తాడు. దెబ్బతిన్న జంతువు వెనక్కి తిరగకుండా. మోగిందంటే ఆ గొట్టం ఖాళీ. మళ్ళీ దట్టించేదాకా ఆ కాపు ముందు నడవడానికి మనిషి భయపడనక్కర్లేదు. ఈ సంగతి ఎవరూ మాటల్లో చెప్పరు, ఒకరి వెనక ఒకరు నడిచి నేర్చుకుంటారు. లక్కు గాసన్న వెనక నడిచి నేర్చుకున్నాడు.

పండుగ రోజు పొద్దెక్కాక పంది బయటికొచ్చింది. లక్కు పేల్చాడు. గుళ్ళు తుంటికి తగిలి పంది పక్కకు మళ్ళింది. నాటు తుపాకి అయితే ఈపాటికి పొగ కమ్మేది, కళ్ళకు ఏమీ ఆనేది కాదు, చేతులు వాటంతటవే మందుసంచి వైపు పోయేవి. ఇప్పుడు పొగ లేదు. పంది వీపు నల్లగా, దగ్గరగా కనిపిస్తోంది. చిలకమ్మ కుండ కూడా కనిపించింది. వేలు రెండో మీట మీదికి జరిగింది.

"హో!" అని కూత వినబడింది. అది ఎవరి గొంతో తెలిసేసరికే వేలు నొక్కేసింది.

పంది అక్కడే కూలింది. దాని వెనక, పది బారల దూరంలో, గాసన్న కూలాడు.

గాసన్నను దుప్పటి డోలీ కట్టి కిందికి దించుతున్నారు. డోలీ కర్ర ముందు కొస మోస్తున్న లక్కు వెనక్కి తిరగకుండానే ఏడుస్తూ అడిగాడు: "రెండు గొట్టాలున్నాయని తెలుసు గదా మావా! ఏలు పెట్టి సూసేవు గదా! ఎందుకు లేచేవు?"

డోలీలోంచి మూలుగు వచ్చింది. తరవాత, "తలకి తెలుసురా. కాళ్ళకి తెలీదు," అన్నాడు గాసన్న.

ఆ ఏడు పంది దొరికింది గనక చిలకమ్మ కుండ బోర్లించి పెట్టింది. లక్కు దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఎవరైనా నెత్తిన పోస్తే బాగుండునని ఎదురుచూశాడు. ఎవరూ పొయ్యలేదు.

మరుసటి చైత్రానికి కొండకు మూడు తుపాకులే వెళ్ళాయి. తూటా తుపాకి ఎప్పుడో కింద ఊరికి తిరిగిపోయింది. లక్కు తన పాత నాటు తుపాకిని ఒడిలో పెట్టుకుని గాసన్న అరుగు మీద కూర్చుని, గొట్టంలోకి నూనెగుడ్డ దూర్చి తీస్తున్నాడు. అందులో మందు లేదు.

"మావా, ఈ వేట ఇంకెన్నేళ్ళుంటాది?"

గాసన్న ముఖం కొండవైపు తిరిగి ఉంది. డప్పులు వినబడి ఆగిపోయాయి. చాలాసేపటికి, దూరంగా, నాటు తుపాకి ఒక్కసారి మోగింది. ముసలాయన చెయ్యి పక్కనున్న గుంజను పట్టుకుంది.

"ఇప్పుడు లేస్తారు," అన్నాడు.

ఆయన కుడికాలు మోకాలి దాకానే ఉంది.