ఎడమవైపు తొమ్మిది కూతలు

ప్రశ్న అడిగినవాళ్లకి జవాబు చెప్పే అలవాటు మా కబడ్డీ మాస్టారు కొల్లి సత్యానందం గారికి లేదు. అడిగింది శ్రద్ధగా వింటారు, తల ఊపుతారు, "ఆదివారం పొద్దున్న గ్రౌండుకి రా, చూద్దాం" అంటారు. వెళితే ఏదో ఒక పని పెడతారు. ఆ పని పూర్తయ్యేసరికి కొందరికి జవాబు దొరికేది, కొందరికి ఒళ్లు నొప్పులు మాత్రం మిగిలేవి. నేను రెండో రకం. మా హైమవతి మొదటి రకం. ఆవిడ ఒకసారి ఆయన్ని అడిగిన ప్రశ్న ఇది.

"మాస్టారూ, కొత్తగా వచ్చిన పిల్లల్లో ఎవరు ఎవర్ని ఎంచుకుంటారో నాకు ముందే తెలిసిపోతోంది. కానీ ఎంచుకున్న పిల్ల తర్వాత ఏమవుతుందో రాస్తే మాత్రం సగం తప్పుతోంది. అందులో నేను చూడనిదేముందండీ?"

ఈ ప్రశ్న తలకెక్కాలంటే మా ఆట గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. టీవీలో ఆడవాళ్ల కబడ్డీ లీగ్ మొదలైనప్పుడు మేం ఎనిమిది మందిమి, అంటే ఒకప్పుడు పాలకొల్లులో మాస్టారి దగ్గర ఆడి ఇప్పుడు మోకాళ్లు సహకరించని వాళ్లం, తలా ఒక ఊహల జట్టు పెట్టుకున్నాం. లీగ్‌లో నిజంగా ఆడే అమ్మాయిల్ని మాలో మేం పంచుకుంటాం. మన అమ్మాయి అక్కడ పాయింటు తెస్తే ఇక్కడ మనకొక పాయింటు వస్తుంది. ఆమె ఔటైతే ఒకటి పోతుంది. ఒకసారి ఎంచుకున్న అమ్మాయి మనం వదులుకునేదాకా, ఎన్నేళ్లయినా, మన జట్టులోనే ఉంటుంది. అందుకని దీనికి వంశం ఆట అని పేరు పెట్టుకున్నాం. ఏటా లీగ్‌లోకి కొత్తగా వచ్చే అమ్మాయిల్ని పంచుకునే రోజుని బారసాల అంటాం. కిందటేడు అడుగున మిగిలినవాళ్లకి మొదటి ఎంపిక. అయితే వరసగా మూడేళ్లు అడుగునే ఉంటే ఆ వంశం అంతరించినట్టు. ఆ జట్టులోని అమ్మాయిలందరినీ మిగతా ఏడుగురూ పంచేసుకుంటారు, జట్టు పోగొట్టుకున్న మనిషి ఖాళీ చేతులతో మళ్లీ మొదలుపెట్టాలి.

హైమవతి డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతుంది. ఆడే రోజుల్లో యూనివర్సిటీ జట్టుకి కుడి మూల కాపలా ఆవిడదే. ప్రతి బారసాలకీ ముందు ఆవిడ ఒక కాగితాల కట్ట తయారుచేసేది. దాన్ని మేం జాతకం అనేవాళ్లం. మాలో ఎవరు ఏ కొత్తపిల్లని తీసుకుంటారో, ఆ పిల్ల మూడేళ్లలో ఏమవుతుందో అందులో ఉండేది. నా గురించి ఒక ఏడు "పది నిమిషాలు ఆలోచించి, పేరు బాగున్న పిల్లని తీసుకుంటాడు" అని రాసింది. ఆ రోజు నేను పన్నెండు నిమిషాలు ఆలోచించాను. మిగతాదంతా ఆవిడ రాసినట్టే జరిగింది. ఇంత తెలిసిన మనిషి వరసగా రెండేళ్లు అడుగున మిగలడం మాకందరికీ వింతగా ఉండేది. ఆవిడకి మాత్రం నిద్ర పట్టేది కాదు. ఇది మూడో ఏడు.

మాస్టారు విన్నారు, తల ఊపారు. "ఈసారి మీ బారసాల గ్రౌండులోనే పెట్టుకోండి. జాతకం పట్రామ్మా" అన్నారు.

ఆదివారం ఏడింటికల్లా ఎనిమిది మందిమీ చేరాం. మాస్టారు కోర్టు గీతలకి సున్నం పోస్తున్నారు. ఆయన పక్కన డబ్బా పట్టుకుని ఇరవై ఏళ్ల అమ్మాయి ఒకతె నుంచుంది. సన్నగా, పొడుగ్గా ఉంది, మోచేతికి కట్టు.

"ఈ పిల్ల పేరు గండేటి సువార్త. మన నరసాపురం దగ్గర ఊరు. లీగ్‌లోకి తీసుకున్నారు. క్యాంపుకి ఇంకా నెలన్నర ఉంది, ఈలోగా నాలుగు రోజులు ఇక్కడ ఆడతానని వచ్చింది" అన్నారు మాస్టారు. ఆ తర్వాత హైమ వైపు తిరిగి, "నీ జాతకంలో ఉందటగా. చదువు, వింటుంది" అన్నారు.

హైమ కాగితాలు గుండెకి హత్తుకుని, "మాస్టారూ, ఇది మాలో మేం సరదాకి రాసుకున్నదండీ" అంది.

"జాతకం ఎవరిదో వాళ్లు వింటే తప్పామ్మా?"

ఆ పిల్లే కలగజేసుకుంది. "చదవండి మేడమ్. నా గురించి పేపర్లో ఎప్పుడూ రెండు లైన్లు కూడా రాలేదు. మీరు పేజీ రాశారంట."

హైమ అబద్ధం చెప్పలేని మనిషి. మధ్యలో ఒక వాక్యం మింగేస్తే ఎవరికీ తెలియదు, అయినా మింగలేదు. "సువార్త, రైడర్. కుడివైపు కూత చాలా ప్రమాదం. ఎడమవైపు వెళ్లదు, వెళితే దొరికిపోతుంది. మొదటి ఏడు మెరుస్తుంది. రెండో ఏడు అందరూ పసిగడతారు. మూడో ఏడు బెంచీ." ఆఖరి మాట దగ్గర ఆవిడ గొంతు మాకు సరిగ్గా వినపడలేదు.

మా ఎనిమిది మందిలో ఒకడైన గంగరాజు తన చెప్పుల్ని చూసుకుంటున్నాడు. ఆ పిల్లని మూడో ఎంపికలో అతను తీసుకుంటాడని కూడా ఆ కాగితంలోనే ఉంది.

సువార్త చేతిలోని డబ్బా కింద పెట్టింది. తర్వాత అడిగింది.

"ఎడమవైపుకి ఎన్నిసార్లు వెళ్లాను మేడమ్?"

"నూట పన్నెండు కూతల్లో తొమ్మిది."

"పాయింటొచ్చినవి?"

"రెండు."

"రెండొచ్చాయా!" ఆ పిల్ల కళ్లు ఇంతయ్యాయి. "నాకు ఒక్కటీ రాలేదనుకుంటున్నాను. ఏ రెండు మేడమ్? అప్పుడేం చేశాను?"

పది పేజీల లెక్కలు వేసిన హైమకి ఆ ప్రశ్న అంతవరకు తట్టలేదట. ఆవిడకి పోయిన ఆ ఏడు కూతలే కనబడ్డాయి. గబగబా కాగితాలు తిప్పింది. "రెండూ మీ జోనల్ ఫైనల్లోవే. మిగతా ఏడూ వేరే మ్యాచుల్లో. తేడా ఏమిటో..." అని ఆగి, కాగితాలు నా చేతిలో పెట్టేసింది. చున్నీ తీసి నడుముకి బిగించింది. చెప్పులు విడిచి, కోర్టులో కుడి మూలకి వెళ్లి నుంచుంది. రైడర్ తన ఎడమకి వస్తే ఎదురయ్యే మూల అదే. "రా అమ్మా. ఎడమకే రావాలి" అంది.

నలభై రెండేళ్ల మనిషి, పదిహేనేళ్లుగా కోర్టులో కాలు పెట్టలేదు. మాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మొదటి కూతతోనే ఆగిపోయింది. సువార్త "కబడ్డీ కబడ్డీ" అంటూ వచ్చి ఎడమ కాలు చాచింది, హైమ మడమ దొరకబుచ్చుకుని కూలేసింది. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. నాలుగోసారి పట్టుకున్నాక హైమ వదల్లేదు, మట్టిలో అలాగే మోకాళ్ల మీద ఉండిపోయి, "ఇంకొక్కసారి రా, నేను కళ్లు మూసుకుంటాను" అంది.

కళ్లు మూసుకునే పట్టుకుంది.

"నీ గొంతు తగ్గుతోందమ్మా! కాలు చాచే ముందు నీ కూత గొంతు తగ్గుతోంది. చూడక్కర్లేదు, వింటే చాలు. ఆ ఫైనల్లో డప్పుల మోతకి ఎవరికీ ఏమీ వినపడలేదు, అందుకే ఆ రెండూ తప్పించుకున్నావు." ఆ మాట చెబుతున్నప్పుడు హైమ ముఖం పరీక్షలో లెక్క తేలిన పిల్లలా వెలిగిపోయింది. "నీ వీడియోలన్నీ సౌండు కట్టేసి చూశాను. ఇది నాకెలా తెలుస్తుంది?"

"భయమేసి తగ్గుతుందేమో మేడమ్."

"భయపడు. గొంతు మాత్రం తగ్గించకు."

పన్నెండో కూతకి హైమ వెల్లకిలా పడింది, ఆ పిల్ల గీత దాటి వెళ్లిపోయింది. పడ్డచోటే పడుకుని హైమ పగలబడి నవ్వింది. మాస్టారు సున్నం డబ్బా పట్టుకుని ఇంకో గీత మొదలుపెట్టారు.

తర్వాత బారసాల. మొదటి ఎంపిక హైమది. ఇప్పుడు ఆవిడ సువార్త పేరే చెబుతుందని మేమంతా అనుకున్నాం. హైమ మోచేతుల మట్టి దులుపుకుని, నా దగ్గర జాతకం తీసుకుని ఒకసారి చూసింది. "దీపాలి" అంది. ఆ ఏడు కొత్తవాళ్లలో కుడి మూల ఆడేవాళ్లందరికంటే గట్టిది దీపాలి. లెక్క అదే చెబుతోంది, పైగా వంశం నిలబడాల్సిన ఏడు. సువార్త నొచ్చుకోలేదు సరికదా, "మంచిపని చేశారు మేడమ్. సెలక్షన్లలో ఆవిడకి ఎదురాడాను, గోడే" అంది. మూడో ఎంపికలో గంగరాజు తన భార్యది కూడా నరసాపురమే గనక సువార్తని తీసుకున్నాడు. నేను పేరు బాగుందని ఒక పిల్లని తీసుకున్నాను. జాతకంలో ఎనిమిదికి ఎనిమిదీ నిజమయ్యాయి. అలా అవడం అదే మొదటిసారి. ఆవిడ మాత్రం ఆ సంగతే ఎత్తలేదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. కాని ఆ తర్వాత ఆరు ఆదివారాలు హైమ గ్రౌండుకి వెళ్లింది. ఎదుటి జట్టు పిల్లకి ఎడమవైపు నేర్పించింది. గంగరాజుకి షామియానాల దుకాణం ఉంది, లోకజ్ఞానం ఉంది, మనస్సాక్షి కూడా కొంచెం ఉంది. ఒక ఆదివారం పూతరేకుల డబ్బా పట్టుకెళ్లి, "హైమగారూ, ఆ పిల్ల తెచ్చేదంతా నా ఖాతాలోకొస్తుందండి. మీకేంటి లాభం?" అని అడిగాడట.

"తెలుసులెండి. కాస్త పక్కకి జరగండి, కూత వినపడనివ్వండి" అందట ఆవిడ.

లీగ్ మొదలైంది. హైమ రెండో ఏడు జరుగుతుందని రాసింది ఐదో మ్యాచ్‌కే జరిగింది. అన్ని జట్లూ సువార్త కుడివైపు దారి మూసేశాయి. ఆ పిల్ల ఎడమకి తిరిగింది. మొదట్లో నాలుగుసార్లు దొరికిపోయింది, ఐదోసారి తప్పించుకుంది. ఆ తర్వాత ఎటు వెళ్తుందో ఎవరికీ అంతుపట్టలేదు. గంగరాజు జట్టులో మిగతా వాళ్లంతా ఏదో ఒక దెబ్బ తగిలి కూర్చుంటే, ఆ జట్టుని ఆ పిల్ల ఒక్కతే లాక్కొచ్చింది. హైమ జట్టుకి దీపాలి గోడలా నిలబడింది. అయినా చివరి మ్యాచ్ నాటికి మా పట్టికలో అడుగున ఉన్నది వీళ్లిద్దరే, చెరి సమానంగా. ఆ చివరి మ్యాచ్ సువార్త జట్టుకీ దీపాలి జట్టుకీ.

సాయంత్రం ఆరింటికి గంగరాజు దుకాణంలో పెద్ద తెర కట్టి అందరం కూర్చున్నాం. మాస్టారు కూడా వచ్చారు. ఆఖరి నిమిషం దాకా ఇద్దరి లెక్కా కలిసే నడిచింది. ఆఖరి కూత సువార్తది. దీపాలి పట్టుకుంటే హైమ వంశం గట్టెక్కుతుంది. సువార్త తాకి తిరిగొస్తే గంగరాజు పైకి వెళతాడు, హైమ మూడో ఏడూ అడుగునే.

సువార్త కుడికి రెండడుగులు వేసి ఎడమకి మళ్లింది. దుకాణంలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. టీవీలోంచి ఆ పిల్ల కూత వస్తోంది, ఒకే స్థాయిలో, నదురూ బెదురూ లేకుండా. కాలు చాచింది. దీపాలి వంగింది. బొటనవేలు దీపాలి మోచేతికి తగిలింది, మరుక్షణం సువార్త గీత అవతల ఉంది.

కుర్చీ మీదికెక్కి కేకలేస్తున్నది ఎవరా అని చూస్తే, హైమవతి.

గంగరాజుకి గెలిచినందుకు సంతోషించాలో లేదో తెలియలేదు. తల పట్టుకుని, "హైమగారూ, మీ వంశం పోయిందండి" అన్నాడు.

"పోతే పోయింది లెండి! విన్నారా? ఎక్కడా తగ్గలేదు!" అంది ఆవిడ కుర్చీ మీదినుంచే. కళ్లు తుడుచుకుంటోంది, నవ్వుతోంది. రెండూ ఒకేసారి చేయడం వల్ల కుర్చీ ఊగింది, ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది.

మర్నాడు ఆవిడ అమ్మాయిలందరినీ మేం ఏడుగురం పంచుకున్నాం. దీపాలి నాకు వచ్చింది. ఆవిడే సంతకం పెట్టి ఇచ్చి, దీపాలి మీద రాసుకున్న ఆరు పేజీలూ కూడా నా చేతిలో పెట్టింది. పెట్టాక మాస్టారి దగ్గర కూర్చుని, కొంచెం బెరుగ్గా అడిగింది.

"రెండో ఏడు, మూడో ఏడు అని ఇన్ని పేజీలు రాశాను, ఆ పిల్ల ఒక్క ఏట్లో అంతా తప్పని తేల్చేసింది. ఇక జాతకం రాయడం మానేయమంటారా మాస్టారూ?"

"మానడం ఎందుకమ్మా? శుభ్రంగా రాయి" అన్నారు మాస్టారు. లేచి కండువా దులుపుకుని, "రాశాక కవర్లో పెట్టి, పైన అది ఎవరి జాతకమో ఆ పిల్ల చిరునామా కూడా రాయి" అన్నారు.