తిన్నవా అని అడిగిన కొమురవ్వ

అనగనగా... ఊ కొట్టండి మరి. ఊ కొట్టేవాళ్లు లేకపోతే కథ అలిగి అటకెక్కుతుంది.

ఎప్పటి మాటో నేను చెప్పలేను. మా తాతల తాతలకే అది పాతమాట. వాగు ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్లో కొమురవ్వ అనే ముసలామె సంతలో అంబలి అమ్ముకుని బతికేది. ముందూ వెనకా ఎవరూ లేరు. గొంతు వింటే పగిలిన కుండే.

ఒక ఏడు ఊరి మీద గత్తర పడింది. వాంతులు, విరేచనాలు. పొద్దున నవ్విన మనిషి మాపటికి లేడు. పొరుగూరి వైద్యుడు పరుగున వచ్చాడు. మంచివాడే, కానీ ఒక్కడు.

"నీళ్లు మరగబెట్టి తాగాలె. ఉప్పేసిన పలుచటి గంజి గుక్క గుక్క తాపిస్తనే ఉండాలె. గట్లయితే చానమంది బతుకుతరు. గని ఇంటింటికి తిరిగెటోళ్లేరి?" అన్నాడు.

ఊరంతా నేలచూపులు చూసింది. కొమురవ్వ మాత్రం పొయ్యి ముట్టించింది.

"గంజి కాసుడు నాకు కొత్తనా అయ్యా? నేను తిరుగుత."

గంజి కాగింది. కుండ నెత్తికెక్కింది. కొమురవ్వ కదిలింది.

చిక్కు ఇక్కడే వచ్చింది. గత్తర ఆడమనిషి రూపంలో వాకిట్లో నిలబడి పేరు పెట్టి పిలుస్తుందని, పలికినవాళ్లను పట్టుకుపోతుందని ఆ ఊరి నమ్మకం.

మొదటి ఇంటి ముందు కొమురవ్వ "ఓ నాంపెల్లీ!" అని పిలిచింది. లోపల గుసగుసలు ఆగిపోయాయి. తలుపు తీయలేదు.

రెండో ఇంటి ముందు "ఓ బాలవ్వా!" అని పిలిచింది. గోడ మీంచి చీపురుకట్ట వచ్చి పడింది. చీపురుతో గత్తర పోతుందో లేదో గానీ, గంజి సగం పోయింది.

మూడో ఇల్లు సాలె రాజీరుది. అతని భార్య శాంతవ్వ పొద్దుటి నుంచి లేవలేదు. పక్కన చంటిపిల్ల పాలకు ఏడుస్తోంది. ఇంకో పూట గంజి పడకపోతే తల్లి దక్కదు, తల్లి లేకపోతే పిల్లా దక్కదు. ఆ ఏడుపు వింటూ కొమురవ్వ అరుగు మీద కూలబడింది. పేరు పెట్టి పిలిచే ఓపిక లేదు. ఎవరు ఎదురుపడినా అడిగే మాటే నోటికొచ్చింది.

"తిన్నవా బిడ్డా?"

"తినలే అవ్వా," అంది లోపల్నుంచి శాంతవ్వ, సన్నటి గొంతుతో.

రాజీరు చప్పున ఆమె నోరు మూశాడు. "పలుకకే! అది గత్తర!"

శాంతవ్వ ఆ చెయ్యి తీసేసింది. "గత్తర మనుషులను తింటది గని, తిన్నవా అని అడుగుతదా? తలుపు తియ్యి."

తలుపు తెరుచుకుంది. రాజీరు సిగ్గుపడి కుండ దించాడు. కొమురవ్వ గుక్క గుక్కగా తాగించింది. మర్నాటికి శాంతవ్వ లేచి కూర్చుని పిల్లకు పాలిచ్చింది.

ఆ మాట గోడలు దూకి ఇల్లిల్లూ తిరిగింది. ఇక కొమురవ్వ ఎవర్నీ పేరు పెట్టి పిలవలేదు. పొద్దున "తిన్నవా?" మధ్యాహ్నం "తిన్నవా?" పొద్దుగూకే వేళ "తిన్నవా?" గంజి కాగేది. కుండ నెత్తికెక్కేది. కొమురవ్వ కదిలేది. చీపురు విసిరిన బాలవ్వ కూడా ముంత పట్టుకుని నిలబడేది. అందరూ బతికారని అబద్ధం చెప్పను. నాంపెల్లి పోయాడు. కానీ చాలామంది బతికారు.

గత్తర తగ్గుముఖం పట్టిన రోజుల్లో, ఒక పొద్దున గంజి రాలేదు. ఊరు ఎదురుచూసింది. అందర్నీ అడిగే మనిషిని ఒకసారి అడగాలని ఎవరికీ తోచలేదు, శాంతవ్వకు తప్ప. ఆమె కొమురవ్వ గుడిసెకు ఉరికింది.

"అవ్వా, తిన్నవా?"

పలుకు లేదు. మళ్లీ అడిగింది. పలుకు లేదు. మూడోసారి అడిగి తలుపు తోసింది.

పొయ్యి మీద గంజి కాగి ఉంది. పక్కనే కొమురవ్వ ఒరిగి ఉంది. గంజి మింగే శక్తి కూడా లేదు.

"నన్నొక్కసారి పిలువకపోతివే అవ్వా!" అని శాంతవ్వ ఆమె తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది.

"నా సంగతి ఇడువు. ఉప్పేసిన. సల్లారకముందే తీస్కపో."

అదే చివరి మాట. ఊరు ఊరంతా ఏడ్చింది. ఏడుస్తూనే శాంతవ్వ కుండ నెత్తికెత్తుకుంది. ఆ పూట ఏ ఇంటికీ గంజి తప్పలేదు.

ఇప్పటికీ ఆ వాగు వైపు పల్లెల్లో, జబ్బుపడ్డ ఇంటి ముందు ఎవరూ పేరు పెట్టి పిలవరు. "తిన్నవా?" అని అడుగుతారు. మూడోసారికీ పలుకు రాకపోతే తలుపు తోసుకుని లోపలికి పోతారు. నాలుగోసారి అడుగుతూ వాకిట్లోనే నిలబడితే, కొమురవ్వకు కోపమొస్తుందట.