నూకాలవ్వ కాపలా కొమ్మ

చింతలకోన అడవిలో కొండముచ్చులు, దుప్పులు ఒకదానికొకటి తోడుగా బతికేవి. కొండముచ్చులు చెట్టు మీద నుంచి లేతాకులు రాల్చేవి, దుప్పులు కింద మేసేవి. చిరుతపులి వాసన తగిలితే దుప్పులు తోక నిక్కించి, కాలు నేలకేసి కొట్టేవి. మద్దిచెట్టు చిటారున కాపలా కూర్చున్న ముసలి కొండముచ్చు అది కనిపెట్టి గట్టిగా అరిచేది. వెంటనే మందంతా చెట్లెక్కేది. కాపలా ముసలివాళ్ళ పని. అది ఆ మంద ఆచారం.

ఆ ఏడు పొడుగుతోక అనే కొండముచ్చు మందకు నాయకుడయ్యాడు. తన తోక చూసుకుని వాడికి ఎక్కడలేని మురిపెం.

"ముసలివాళ్ళు కాపలా కాస్తే నలుగురూ నవ్వుతారు. ఇకనుంచి కాపలా కుర్రాళ్ళు కాస్తారు. మీరంతా ఆ బండ నీడన కూర్చోండి అవ్వా, పండ్లు మేమే తెచ్చిపెడతాం" అన్నాడు మందలో పెద్దదైన నూకాలవ్వతో.

అవ్వకు మొదట హాయిగానే ఉంది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. ఇక్కడ ముందుగా కరిగినవి కాళ్ళలో కండలు. ఒకనాడు నీళ్ళకని లేచిన అవ్వ మోకాళ్ళు పట్టు తప్పి కూలబడింది. 'ఇప్పుడు చిరుత వస్తే?' అనుకుంది.

మర్నాటి నుంచి ఆమె మద్దిచెట్టు ఎక్కడం మొదలుపెట్టింది. ఒకరోజు మొదటి కొమ్మ, కొన్నాళ్ళకు ఆ పైది.

"కూర్చున్న చోటికే పండు వస్తుంటే నీకెందుకమ్మా ఈ పాట్లు?" అన్నారు తోటి ముసలివాళ్ళు.

"చిరుత కూడా కూర్చున్న చోటికే వస్తుంది" అంది అవ్వ.

 తర్వాత వాళ్ళూ ఒక్కొక్కరే లేచి చిన్న చెట్లెక్కసాగారు.

ఎండాకాలం వచ్చింది. తునికి పండ్లు రాలాయి. కాపలా కుర్రాళ్ళు కూడా కొమ్మ వదిలి కిందికి దూకారు. మందంతా నేల మీదే ఉంది. అవ్వ చెట్టు సగంలో ఉండగా కింద ఒక దుప్పి తలెత్తింది. దాని తోక నిక్కింది. కాలు టపటపా నేలను కొట్టింది. నమిలే సందడిలో ఎవరికీ వినబడలేదు.

సగం నుంచి అరిస్తే అందరికీ అందదు. అవ్వ పైకి పాకింది.  ఒక చెయ్యి జారింది. ఎలాగో కాపలా కొమ్మ చేరి నోరు తెరిస్తే, ఇన్నాళ్ళూ అరవని గొంతులోంచి గురక లాంటి చప్పుడు వచ్చింది. పొదలు కదిలాయి. అవ్వ ఊపిరంతా కూడగట్టి మళ్ళీ అరిచింది. ఈసారి కోనంతా మారుమోగింది.

"అవ్వ పొద్దుపోక అరుస్తోంది. మీరు తినండి" అన్నాడు పొడుగుతోక.

కానీ బండ నీడనున్న ముసలివాళ్ళకు ఆ అరుపు అర్థం తెలుసు. వాళ్ళూ గొంతు కలిపి అరుస్తూ చెట్లెక్కారు. తల్లులు పిల్లల్ని పొట్టకు కరుచుకుని వాళ్ళ వెనకే ఎగబాకారు. చేతిలో పండు వదల్లేక పొడుగుతోక ఒక్కడే మిగిలాడు. చిరుత దూకింది. వాడు చెట్టెక్కాడు గానీ, తోక చిరుత పంజాలోనే ఉండిపోయింది.

తెల్లవారాక వాడు మొండితోకతో బండ దగ్గరికి వచ్చి తల వంచుకు నిలబడ్డాడు.

"కాపలాకి వేళయింది అవ్వా. కొమ్మ దాకా నేను తోడొస్తాను."

"రా నాయనా. పండ్లు మాత్రం నేనే కోసుకుంటాను" అని నూకాలవ్వ ముందు నడిచింది.

నీతి: పెద్దలను మూల కూర్చోబెట్టి తిండి పెడితే చాలదు, చేతనైన పని, నలుగురిలో చోటు, పక్కన ఒక తోడు ఉంటేనే వాళ్ళ ముసలితనం చల్లగా సాగుతుంది, మందకూ మేలు జరుగుతుంది.