హిల్మా ఫోను పెట్టేసిన రోజు

సుమారు వందేళ్ల కిందట అమెరికాలో, నెబ్రాస్కా మొక్కజొన్న పొలాల నడుమ హిల్మా అనే ఆవిడ ఉండేది. మంచి మనిషే గానీ, పక్కవాళ్ల ఫోను మాటలు వినకపోతే ఆవిడకు పొద్దు గడిచేది కాదు.

ఆ రోజుల్లో అక్కడ ఇంటికో ఫోను లైను ఉండేది కాదు. రైతులే గుంజలు పాతుకుని తొమ్మిది ఇళ్లకు కలిపి ఒకే తీగ లాక్కున్నారు. ఎవరికి ఫోను వచ్చినా, ఎవరు బయటికి చేసినా తొమ్మిది ఇళ్లలోనూ గంట మోగేది. ఎవరి గంట ఎన్నిసార్లు మోగుతుందో అందరికీ తెలుసు. ఆ ఇంటివాళ్లే ఎత్తాలి, అది మర్యాద. హిల్మా మాత్రం అన్ని గంటలకూ ఎత్తేది. పొయ్యి మీద కూర మాడినా సరే, ఊపిరి బిగబట్టి చివరిదాకా వినేది.

ఒక ఆదివారం చర్చి దగ్గర పొరుగింటి వెర్నా నిలదీసింది. తను చెల్లెలికి ఫోనులో చెప్పుకున్న సంగతి ఊరంతా ఎలా పాకిందని అడిగింది.

"నేనా? ఒకరి మాటలు వినే అలవాటు మా వంశంలోనే లేదు" అంది హిల్మా, నలుగురి ముందూ.

అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. మిగతా ఏడు ఇళ్ల ఆడవాళ్లు వెర్నా వైపే తల ఊపారు. నిజం చెప్పాలంటే వాళ్లూ తక్కువ తినలేదు.

మార్చిలో ఒక మధ్యాహ్నం గంట మోగింది. హిల్మా చెయ్యి దానంతటదే వెళ్లి ఫోను ఎత్తింది. వెర్నా పట్నంలో ఉన్న డాక్టరును పిలుస్తోంది. నాలుగేళ్ల కూతురు ఎడిత్‌కు గొంతు వాచి ఊపిరి ఆడటం లేదట.

"ఎవరమ్మా? ఏ ఇల్లు? ఏమీ వినబడటం లేదు" అంటున్నాడు డాక్టరు.

వెర్నా గొంతు చించుకుని అరుస్తోంది. హిల్మాకు ఒక సంగతి గుర్తొచ్చింది. లైను బాగుచేసే మనిషి ఎన్నోసార్లు చెప్పాడు, ఎత్తిన ప్రతి ఫోనూ తీగలోని బలాన్ని కొంత లాగేస్తుందని. అంటే తనొక్కతే కాదు, అందరూ వింటున్నారు. చప్పుడు చేయకుండా పెట్టేస్తే తన పరువు దక్కుతుంది, కానీ మిగతావాళ్లు పెట్టరు. పెట్టమనాలంటే నోరు విప్పాలి. విప్పితే చర్చి దగ్గర ఆడిన అబద్ధం అందరికీ తెలిసిపోతుంది. అవతల డాక్టరు, కాసేపాగి మళ్లీ చేయమంటున్నాడు.

"నేను హిల్మాని" అంది గట్టిగా. "ఇన్నాళ్లూ మీ అందరి మాటలూ దొంగచాటుగా విన్నాను. ఇప్పుడూ వింటున్నాను. మీరూ వింటున్నారని తెలుసు. నేను పెట్టేస్తున్నాను. పాప కోసం మీరూ పెట్టేయండి."

పెట్టేసింది. ఒక కబురును సగంలో వదిలేయడం ఆవిడకు అదే మొదలు. తర్వాత ఏమైందో తెలియలేదు. శాలువా కప్పుకుని పొలానికి అడ్డంపడి వెర్నా ఇంటికి పరుగెత్తింది. సాయంత్రం డాక్టరు వచ్చి మందు వేశాక, పాప ఊపిరి తేలికపడేదాకా ఇద్దరూ మంచం దగ్గరే కూర్చున్నారు.

"నువ్వు పెట్టేయగానే ఒకరి వెనక ఒకరు అందరూ పెట్టేశారు" అంది వెర్నా. "డాక్టరు గారి మాట పక్క గదిలోంచి వచ్చినట్టు వినబడింది."

చర్చి దగ్గర అబద్ధం చెప్పానని హిల్మా తల దించుకుంది. ఆ సంగతి అప్పుడే తెలుసని వెర్నా కాఫీ కప్పు చేతికిచ్చింది. ఆ కాఫీ అంత రుచిగా హిల్మాకు ఎన్నడూ అనిపించలేదు.

ఆ మర్నాటి నుంచి ఆవిడ పూర్తిగా మారిపోయిందంటే మీరు నమ్మరు. గంట మోగితే చేతులు ఊరుకునేవి కావు. అలాంటప్పుడల్లా ఊలు అల్లేది. ఆ ఏడాది ఎడిత్‌కు మూడు స్వెట్టర్లు వచ్చాయి.

నీతి: తన తప్పు ముందుగా తానే ఒప్పుకున్నవాళ్ల మాటకే నలుగురూ విలువిస్తారు.