ఇసక కింది నీళ్లు

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. కొండ దిగి అడవి మధ్యగా పారే వాగు సన్నటి పాయలుగా చీలి, చివరికి ఒట్టి ఇసకను మిగిల్చింది. ఆ ఇసకలో మద్దిచెట్టు నీడన ఒక చెలమ ఉండేది. తవ్వింది బొద్దమ్మ అనే అడవిపంది. మూతితో నేల పెకలించడంలో ఆమెకు సాటి లేదు. ఆ సంగతి ఆమెకూ బాగా తెలుసు.

చెలమ చిన్నది. నీరు అడుగు నుంచి మెల్లగా ఊరేది. ఒకరు తాగాక కాసేపు ఆగితేనే ఇంకొకరికి అందేది. తగువులన్నీ ఆ ఆగడం దగ్గరే వచ్చాయి. ఎలుగుబంటి పోతయ్య తాగడానికి వచ్చి చెలమలోనే చతికిలబడేవాడు. ఆ వెనక చుక్కలదుప్పి చిన్నక్క పిల్లను వెంటబెట్టుకుని వచ్చేసరికి బురద మిగిలేది. కొండముచ్చులు తాగినన్ని తాగి, మిగతావి ఒకరి మీద ఒకరు చిమ్ముకునేవి. పొద్దున లేస్తే ఎవరో ఒకరు బొద్దమ్మ దగ్గరికొచ్చి ఇంకొకరి మీద చాడీలు చెప్పేవారు. ఆమెకు విసుగెత్తిపోయింది.

సరిగ్గా అప్పుడు నక్క సింగన్న వచ్చి పక్కన కూర్చున్నాడు.

“ఒక్క చెలమకు ఇంతమందేంటి వదినా? ఎవరిది వాళ్లకుంటే ఒకరినొకరు అడిగే పనే ఉండదు. నీ మూతికి అదెంత పని?”

బొద్దమ్మకు ఆ మాట నచ్చింది. పొగడ్త ఇంకా నచ్చింది. ఎవరినీ అడగకుండానే పోతయ్యకొకటి, చిన్నక్కకొకటి, కొండముచ్చులకొకటి తవ్విపెట్టింది. అందరూ సంతోషించారు. సింగన్న మాత్రం తన చెలమకు చోటు తనే చూపించాడు. వాగు వంపు తిరిగే పల్లంలో తవ్వమన్నాడు. నీరు పడ్డాక కూడా ఇంకాస్త లోతుకు పొమ్మన్నాడు. బదులుగా, ఆమె మేతకు వెళ్లినప్పుడు పిల్లలను కనిపెట్టుకుని ఉంటానన్నాడు. వీపు కనబడనంత లోతుకు దిగేదాకా ఆమె తవ్వుతూనే ఉంది.

ఆ తర్వాత మద్దిచెట్టు కింద చెలమ ఎండింది. దాని వెనకే పోతయ్యది, చిన్నక్కది, కొండముచ్చులది కూడా ఎండాయి. ఒకనాడు బొద్దమ్మ మేత నుంచి వచ్చేసరికి ఆమె పిల్లలు తడి ఇసకను నాకుతున్నాయి. ఆమె వంపు దగ్గరికి పరుగెత్తింది. సింగన్న చెలమ నిండుగా ఉంది. గట్టున అతను కాళ్లు చాపుకుని పడుకున్నాడు. అప్పటికే బేరాలు మొదలయ్యాయి. పోతయ్య తేనెపట్టు తేవాలి, కొండముచ్చులు పండిన తునికి పళ్లు రాల్చాలి. ఇచ్చేదేమీ లేని చిన్నక్క దూరాన నిలబడి చూస్తోంది. ఆమె పిల్ల నిలబడలేక నేల మీద వాలిపోయింది.

“ఇది నేను తవ్విన చెలమ కదా సింగన్నా,” అంది బొద్దమ్మ.

“తవ్వింది నువ్వే. చోటు నాది,” అన్నాడు నక్క.

బొద్దమ్మ వెనుదిరిగింది. వెళ్లి ఎండిన తన చెలమలో పడుకుని ఆలోచించింది. పల్లంలో తను లోతుకు పోయేకొద్దీ పైన ఒక్కొక్క చెలమే ఆరిపోయింది. గుంటలు వేరువేరు గానీ, ఇసక కింద ఉన్న నీరు ఒకటే. దాన్నంతా తన మూతితోనే నక్క వాకిట్లోకి లాగి పోసింది. సిగ్గుతో ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు. అయినా లేచి అందరినీ పిలిచి, ఉన్నదున్నట్టు చెప్పింది.

పోతయ్య నక్క మెడ విరిచి చెలమ లాక్కుంటానన్నాడు. కొండముచ్చుల్లో పెద్దవాడు తల అడ్డంగా ఊపాడు. అలా చేస్తే నక్క బదులు నీకు మొక్కుకోవాలి, అంతే తేడా అన్నాడు. పోతయ్య గొణిగాడు గానీ కూర్చున్నాడు. అప్పటిదాకా నోరు విప్పని చిన్నక్క, వంపుకు దిగువన పెద్ద బండ పక్కన మధ్యాహ్నం కూడా ఇసక చల్లగా తగులుతుందని చెప్పింది. అడిగి ఉంటే ముందే చెప్పేదాన్నని కూడా అంది. బొద్దమ్మ ఆ మాట తలవంచి విన్నది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం సింగన్న నీడన కునుకు తీస్తుండగా అందరూ బండ దగ్గరికి చేరారు. కొండముచ్చులు కొమ్మలెక్కి కాపలా కాశాయి. పోతయ్య భుజం ఆనించి బండను దొర్లించాడు. బొద్దమ్మ తవ్వింది, చిన్నక్క గిట్టలతో ఇసకను వెనక్కి తోసింది. అడుగున రాతిపలక తగిలింది. దాని మీదుగా తేటగా నీరు ఊరి వచ్చింది. ముందుగా తాగింది చిన్నక్క పిల్ల.

తర్వాతే అసలు కష్టం వచ్చింది. బండ తోసినవాడిగా తనకే మొదటి వంతు కావాలన్నాడు పోతయ్య. కాపలాకేం విలువ లేదా అన్నాయి కొండముచ్చులు. పొద్దు వాలేదాకా వాదించుకున్నారు. చివరికి పిల్లలది మొదటి వంతనీ, నీరు పలక మట్టానికి తగ్గితే ఎవరైనా సరే ఆగాలనీ, అందరూ ఒప్పుకోకుండా కొత్త గుంట తవ్వకూడదనీ తేల్చుకున్నారు. చెలమలో కూర్చోనని పోతయ్య మాటిచ్చాడు. అది అతనికి అన్నిటికంటే బరువైన మాట.

సింగన్న లేచేసరికి అతని చెలమలో బురద ఉంది. అడుగుల జాడ పట్టుకుని బండ దగ్గరికొచ్చాడు.

“నా నీళ్లు మీరు తీసుకున్నారు,” అన్నాడు.

“నీ గుంట నీ దగ్గరే ఉంది సింగన్నా. కావాలంటే చూసుకో,” అంది బొద్దమ్మ. “నీళ్లు మాత్రం అందరివీ. నీకూ వంతు ఉంది. కొండముచ్చుల వెనక నిలబడు.”

అతను అటూ ఇటూ చూశాడు. బేరమాడటానికి ఒక్కరూ దొరకలేదు. తోక ముడుచుకుని, చిట్టచివరి వంతుకు వెళ్లి కూర్చున్నాడు.

అందరి కాళ్ల కింద ఒకే నీరు ఉన్నప్పుడు, తవ్వే ముందు అందరినీ అడగాలి.