తంగేడు పొద కింద కౌజుపిట్ట

వానలు మొహం చాటేసిన ఏడు కూడా ఆ రాళ్లగుట్ట మీద తంగేడు విరగబూసింది. నీళ్లు పోసినవాడు లేడు, కంచె కట్టినవాడు లేడు. అయినా గుట్టంతా పసుపు ఆరబోసినట్టుంది. అక్కడే ఒక పొద కింద కౌజుపిట్ట గుడ్లు పొదుగుతోంది. తంగేడును నమ్ముకున్నవాళ్లకు చేటు లేదని దానికి తల్లి చెప్పిన మాట.

ఒక సాయంత్రం నక్క దాని జాడ పట్టింది. పక్కన మేస్తున్న మేకను పిలిచింది.

"మేకక్కా, ఈ పొద కాస్త మేసిపెట్టరాదూ!"

"తంగేడా? ఆకలైతే ముళ్లకంపైనా నములుత గానీ, అది నోట పెట్ట," అంటూ మేక గుట్ట దిగిపోయింది.

ఇక నక్కే కొమ్మల్లోకి మూతి దూర్చింది. కౌజుపిట్ట ఆలోచించింది. ఎగిరితే తాను దక్కుతుంది, గుడ్లు దక్కవు. రెక్కలు ఇంకాస్త దగ్గరికి ముడుచుకుంది.

"నక్క మామా, ఈ గుడ్లు నీ పంటి కిందికి కూడా రావు. రేపటికి పిల్లలైతయి. నాతో కలిపి కడుపునిండ తిందువు."

"నన్ను పంపి ఎగిరిపోదామనా?"

"గుడ్లు మోసుకుని ఎగురుతనా? నమ్మకం లేకుంటే ఇక్కడే పండుకో. ఇన్ని పూలల్ల నిన్నెవరు చూస్తరు?"

ఆశపోతు నక్క పొదకు అడ్డంగా పడుకుని గుర్రుపెట్టింది.

మర్నాడు సద్దుల బతుకమ్మ. ఎన్ని రంగుల పూలున్నా తాంబాళంలో తంగేడుకే పెద్దపీట. ముత్తవ్వల నాటి నుంచి అదే ఆనవాయితీ. ఏటా చూసే పిట్టకు అది తెలుసు, నక్కకు ఆ ధ్యాసే లేదు. తెల్లారేసరికి ఊరు ఊరంతా గంపలతో గుట్టెక్కింది. ముందు కుక్కలు ఉరికొచ్చాయి.

"అగో నక్క!" అని ఎవరో కేక పెట్టారు. కుక్కలు వెంటపడితే నక్క రాళ్ల మీద దొర్లుతూ అవతలి ఊరి పొలిమేర దాటింది.

పోశవ్వ అనే ముసలమ్మ పువ్వు కోయబోయి కొమ్మ ఎత్తింది. కౌజుపిట్ట కదల్లేదు. వణుకుతూనే గుడ్ల మీద కూర్చుంది.

"అబ్బ, ఎంత గుండె దీనికి!" అని పోశవ్వ కొమ్మను మెల్లగా వదిలింది. "ఈ పొద ముట్టకుండ్రి పిల్లలూ. బతుకమ్మకు పూలు తెస్తూ ఒక తల్లి బతుకు తీస్తమా?"

సాయంత్రం ఊళ్లో ఆడవాళ్ల చప్పట్లు గుట్ట దాకా వినిపిస్తుంటే, మొదటి గుడ్డు చిట్లింది.

ఊరి పండుగ ఎరిగిన పిట్టకు ఊరంతా అండ. పొట్ట ఒక్కటే ఎరిగిన నక్కకు ఉన్న గుట్టా పరాయిదే.