కుక్కరు ఇచ్చిన తీరిక

ఒక ఇంట్లో ఒక కోడలుండేది. ఆఫీసులకు క్యారేజీలు కట్టి పంపడం ఆమె పని. ఆమె రోజంతా గోడ గడియారం చేతిలో ఉండేది. పాలు కాచే వేళ, పిల్లల జడల వేళ, అత్తగారి మాత్రల వేళ, అన్నీ అదే పంచిపెట్టేది. పంచగా పంచగా ఆమెకంటూ ఏమీ మిగిలేది కాదు.

అయినా ఆమె రోజూ యుద్ధానికి వెళ్లొచ్చేది. ఫోనులో ఆకాశం నల్లగా తెరుచుకునేది. రాక్షసుల ఓడలు మిడతల దండులా దిగేవి. బొటనవేలు కదిలితే చాలు, నిప్పులు కురిసేవి. ఎంత చోద్యం! అంతకుముందే ఉల్లిపాయలు తరిగిన చెయ్యి అది. ఇంట్లో తోమిన గిన్నె పూటకే ఎంగిలయ్యేది. అక్కడ కూల్చింది కూలినట్టే ఉండేది. అందుకే ఆమెకు ఆ ఆటంటే ప్రాణం.

"నీకు తీరికెక్కడిదే? నేనివ్వలేదే!" అనేది గడియారం.

"నువ్వివ్వలేదు తాతా. కుక్కరిచ్చింది."

"అవును వదినా," అనేది కుక్కరు పొయ్యి మీంచి. "నేను కూసేదాకా నీతో నాకేం పని? పో, కాల్చుకో."

అత్తగారు మాత్రం ఖరాఖండిగా చెప్పేసింది. "క్యారేజీ ఒక్కనాడు పది దాటిందా, ఆ ఫోను బీరువాలో పెట్టి తాళమేస్తా. సాక్షి గడియారమే."

గడియారం కళ్లలో వత్తులేసుకుని కాచుకుంది.

ఒకనాడు కొండంత ఓడ దిగింది. అంత పెద్దది ఆమె ఎన్నడూ చూడలేదు. కోడలు పెదవి బిగించింది. ఇటు తప్పుకుంది, అటు తప్పుకుంది, కాల్చింది. గడియారం గోడ మీంచి ముందుకు వంగింది. "అదిగో, వెనకనుంచి!" అని అరిచింది కూడా. ఓడ సగం కూలింది. ఇంకొక్క దెబ్బ.

కుక్కరు ఆఖరి విజిల్ వేసింది.

కోడలు ఫోను బోర్లించి లేచింది. పప్పు దించింది, తాలింపు పెట్టింది, గిన్నెలు సర్ది క్యారేజీలు పంపేసింది.

అత్తగారు గోడకేసి చూసి ముక్కున వేలేసుకుంది. "ఇంకా పది కాలేదు, అప్పుడే అయిపోయిందా వంట!"

గడియారం ఆట చూస్తూ నడక మరిచిపోయింది మరి. అత్తగారు అటు వెళ్లగానే కోడలు స్టూలెక్కి ముళ్లు సరిచేసింది.

"ఒక్క దెబ్బకు చచ్చేదాన్ని ఎలా వదిలొచ్చావే?" అంది గడియారం గొంతు తగ్గించి.

"ఎక్కడికి పోతుంది తాతా? రేపు మళ్లీ పప్పు వండనూ?"

గడియారం తన ముళ్లకేసి చూసుకుంది. "అందరికీ పంచాను గానీ, నా వాటా ఎక్కడా కనపడదమ్మా. పుట్టింది మొదలు నడుస్తూనే ఉన్నాను."

కోడలు నవ్వలేదు. ఇంట్లోవాళ్లకు అన్నం పెట్టి, రాత్రి అన్నానికి కుక్కరు పొయ్యి మీదకెక్కించింది. గడియారం వెనక చెయ్యిపెట్టి, బ్యాటరీ సెల్లు తీసి, కొంగున ముడేసుకుంది.

కుక్కరు కూసేదాకా ఎంత పొద్దయిందో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. అన్నం మాత్రం పలుకు లేకుండా ఉడికింది.